ఈ తల మీకు తెలియునా?

మీలో ఎవరికైనా మొదటిసారి ఎన్నికల డ్యూటీ పడితే పెద్దవాళ్లు రెండు సలహాలు ఇస్తారు. టార్చిలైటు తీసుకుపో, ఎవరితోనూ గొడవ పెట్టుకోకు అని. మొదటిది మంచి సలహా. రెండోదాన్ని నేను ముప్పయ్యారేళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా పాటించలేదు. అందుకే నా మాట కొంచెం శ్రద్ధగా వినండి.

నేను చిత్తూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఏ కార్యాలయమో చెప్పను. అక్కడ నా మీద కోపం ఉన్నవాళ్లు కొందరున్నారు, నాకు కోపం ఉన్నవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. ఎవరి పేరూ ఇందులో రాయను. పేర్లన్నీ నా నోటుబుక్కులో భద్రంగా ఉన్నాయి.

దీనికంతటికీ మూలం ఒక మెమో. నేను చెప్పబోయే రోజుకు ఇరవై రెండేళ్ల ముందు, పలమనేరు దగ్గర ఒక ఊళ్లో, ఓటర్ల వేలికి సిరా పూసే పని నాది. మధ్యాహ్నం ఒక మనిషి వచ్చాడు. చీటీలో వయసు డెబ్బై అని ఉంది, మనిషి యాభై దాటినట్టు లేడు. నాకు అనుమానం వచ్చి ప్రిసైడింగ్ ఆఫీసరుకు చెప్పాను. ఆయన తల ఎత్తకుండానే, “నీ పని సిరా వరకే అప్పా” అన్నాడు. పూశాను. ఆ ఓటు ఉన్న అసలు మనిషి ఎనిమిది నెలల కిందటే చనిపోయాడని సాయంత్రం తేలింది. జాబితాలో పేరు చూసింది ఒకరు, చీటీ ఇచ్చింది ఇంకొకరు, తల ఎత్తనిది మూడో ఆయన. మెమో మాత్రం నాకు వచ్చింది. పెట్టెలు అప్పగించేచోట, రెండు వందల మంది ఉద్యోగుల ముందు, ఒక పై అధికారి నన్ను పిలిచి అడిగాడు:

“సచ్చినోడి వేలికి సిరా పూసినావే, వేలు సల్లగా తగల్లేదా అప్పా?”

రెండు వందల మందీ నవ్వారు. మా ఆఫీసులో ఆ నవ్వు ఇరవై రెండేళ్లు ఆగలేదు. నాతో చేయి కలిపిన ప్రతివాడూ “సల్లగా ఉండాదా సార్?” అని అడిగేవాడు. మెమో రద్దు చేయమని నేను పదకొండు అర్జీలు పెట్టాను. తొమ్మిదింటికి జవాబు రాలేదు. పదోదానికి, మీ అర్జీ అందలేదు అని జవాబు వచ్చింది. పదకొండోది మీరు ఊహించుకోండి.

అప్పటినుంచి దొంగ ఓట్ల చట్టం చదవడం మొదలుపెట్టాను. పంచాయతీ ఎన్నికలకు మన రాష్ట్ర చట్టం వేరే ఉంది. పరాయివాడి పేరుతో ఓటు వేయబోతే ఏం చేయాలి, ఏజెంటు అభ్యంతరం చెబితే విచారణ ఎలా జరపాలి, ఎప్పుడు పోలీసుకు అప్పగించాలి అన్నవన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ పుస్తకానికి అట్ట వేసి, ప్రతి డ్యూటీకీ సంచిలో పెట్టుకుని వెళ్లేవాణ్ణి. రిటైరయ్యేలోపల ఒక్క దొంగ ఓటరునైనా పద్ధతి ప్రకారం పట్టుకోవాలన్నది నా కోరిక. ఇళ్లు కట్టుకోవాలని, కాశీకి పోవాలని కోరికలుండేవాళ్లు ఉంటారు. నాది ఇది.

రిటైర్మెంటుకు మూడు నెలలుండగా పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఐరాల మండలంలో ఒక ఊళ్లో ఒక వార్డుకు నన్ను ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. సామగ్రి ఇచ్చేచోట మా బృందానికి నాలుగు పులిహోర పొట్లాలు రావాలి, మూడే వచ్చాయి. నాలుగోది ఎవరు తిన్నారో నాకు తెలుసు, కాని ఇక్కడ అప్రస్తుతం.

ఊళ్లో సర్పంచి ఏకగ్రీవం. పోటీ ఉన్నది వార్డు సభ్యత్వానికే, ఆ సీటూ ఆడవాళ్లకు కేటాయించినది. ఇద్దరు అభ్యర్థులు. రెండు వందల చిల్లర ఓట్లు. ఉదయం పోలింగు, సాయంత్రం అక్కడే లెక్కింపు. నాకు సిరా పూసే ఉద్యోగినిగా పలమనేరు నుంచి వచ్చిన ఒక స్కూలు టీచరు దొరికింది. చురుకైన పిల్ల. పొద్దున్నే “సార్, ఈడ గొడవలేమీ రావంట. అందరూ ఒకరికొకరు తెలిసినోళ్లే” అంది. నాకు నీరసం వచ్చింది.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాకా నిజంగానే ఏమీ జరగలేదు. అప్పుడు ఒక వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి పదమూడు గుండ్లు దిగాయి.

ఎనిమిది మంది మగవాళ్లు, అయిదుగురు ఆడవాళ్లు. అందరి తలలకూ గంధం, ఎండకు ఆరి పెచ్చులు కడుతోంది. వాళ్లు ఒక అభ్యర్థి కుటుంబం. ముందున్నది ఆ అభ్యర్థే, ముప్పయ్యయిదేళ్ల మనిషి. ఆమె వెనక అత్తగారు. గెలిస్తే తలనీలాలిస్తామని మొక్కుకోవడం అందరూ చేసేదే. ఈ అత్తగారి ఆలోచన వేరు. క్యూలో నిలబడి పక్కావిడకు చెబుతుంటే నేనే విన్నాను.

“గెలిచినాంక ఇస్తామంటే ఆయన ఆలోచిస్తా కూర్చుంటాడు. ముందే ఇచ్చేసినామనుకో, ఇంక యాడికి పోతాడు? గెలిపించాల్సిందే గదా.”

ముందురోజు కొండకెక్కి, గుండ్లు చేయించుకుని, దర్శనం ఆలస్యమై, దిగీ దిగగానే నేరుగా పోలింగుకు వచ్చారు.

అవతలి అభ్యర్థి ఏజెంటు ఉదయం నుంచి ఆవలిస్తున్న మనిషి. ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. ఓటర్ల జాబితాలో ఫోటోలుంటాయి కదా. ఆ ఫోటోల్లో అందరికీ జుట్టుంది.

“సార్, అభ్యంతరం. ఈ పదమూడు మందీ ఎవురో నాకు తెలీదు. ఫోటోలతో కలవడంలా.”

ఇరవై రెండేళ్లలో నా ఎదుట ఎవరూ ఆ మాట అనలేదు. అభ్యంతరం. నేను పుస్తకం తీశాను.

మొదట అత్తగారు ముందుకొచ్చి ఆ ఏజెంటు ఎదురుగా నిలబడింది.

“ఏమిరా, నేనెవురో తెలీదా? మీయమ్మకు పురుడు పోసింది ఎవురు? నీకు మొదటి నీళ్లు పోసింది ఎవురు? ఆపొద్దు నీ తలకాయ గూడా ఇట్లే ఉన్నింది గదరా. నేను గుర్తుపట్టలా?”

అతను కింద చూశాడు. ఆడవాళ్ల మీద అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. అయితే అభ్యర్థి విషయం నేను సొంతంగా ఖాయం చేసుకోవాలనుకున్నాను. మీరే అభ్యర్థి అని ఆధారమేమిటమ్మా అంటే ఆమె కిటికీలోంచి ఎదురింటి గోడ చూపించింది. “అదో సార్, నా బొమ్మ.” నిజమే, గోడకు ఆమె పోస్టరు ఉంది, పూలజడతో. కాని అది పోలింగు కేంద్రానికి వంద మీటర్ల లోపల ఉంది. వెంటనే పీకించేశాను. ఆమె తన ఏకైక ఆధారం చినుగుతుంటే చూస్తూ ఓటు వేసి వెళ్లి గుమ్మం బయట నిలబడింది.

మిగిలింది ఎనిమిది మంది మగవాళ్లు. వాళ్ల చేతుల్లో కార్డులున్నాయి. ఆ కార్డుల్లోనూ జుట్టుంది. ఊరిని ఎరిగిన రెవెన్యూ ఉద్యోగి పక్క ఊరి బూతుకు వెళ్లాడు, ఫోను ఎత్తడం లేదు. వాళ్ల ఏజెంటు వాళ్ల బంధువే. క్యూలో మిగిలినవాళ్లు సగం ఈ పక్షం, సగం ఆ పక్షం. ఏ పక్షమూ కానివాడు ఎవరున్నారని అడిగితే ఇద్దరు ఏజెంట్లూ ఒకే మనిషిని చూపించారు. ఆయన ఊళ్లో మంగలి షాపు పెట్టుకున్న పెద్దమనిషి. అరవై దాటాయి. రెండు పక్షాలకూ ఆయనే క్షవరం చేస్తాడు, ఎవరి గురించీ ఎవరితోనూ మాట్లాడడు.

అప్పుడు నాకు తట్టిన ఆలోచనకు నేను చాలాకాలం గర్వపడ్డాను. ఈ మనిషి తెలుసా అని అడిగితే ఊళ్లో మొహమాటానికి ఎవరైనా తెలుసంటారు. ఆయనకు తెలిసింది తలలు. తల మొహమాటపడదు. కాగితం తీసుకుని స్వదస్తూరీతో రాశాను: ప్రశ్న, ఈ తల మీకు తెలియునా?

ఎనిమిది మందినీ బెంచీ మీద వరసగా కూర్చోబెట్టాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, చేతులు కడుక్కుని మొదలుపెట్టాడు.

“ఈ వెనకాల రెండు సుళ్లు. సిన్నప్పుడు దువ్వెన నిలిసేది కాదు. తెలుసు సార్.”

రాసుకున్నాను.

“ఈ గాటు నా కత్తిదే. గీస్తా ఉంటే నవ్వినాడు ఆపొద్దు. తెలుసు.”

“నవ్వించింది నువ్వే గదన్నా” అన్నాడు బెంచీ మీది మనిషి.

“మాట్లాడకు. విచారణ జరుగుతా ఉండాది.” ఆయన మూడో తలకు వెళ్లాడు. “ఇది వాళ్ల నాయన తలకాయే సార్. అట్లే దిగింది. తెలుసు.”

ఇలా ఏడు తలలు. వేలితో నొక్కి, చెవి వెనక చూసి, డాక్టరు కంటే నిదానంగా. బయట క్యూ ఆగిపోయింది. మూడున్నరకు పోలింగు ఆఖరు, మూడు దాటింది. ఏడుగురికీ ఓటు వేయనిచ్చాను. నిజం చెప్పాలంటే ఒక్కొక్కడూ అసలువాడని తేలుతుంటే నాకు కొంచెం బాధగానే ఉంది.

ఎనిమిదో మనిషి బక్కపలచగా, నలభై ఏళ్లుంటాయి. పాల వ్యాపారమట. పెద్దాయన అతని వెనక నిలబడ్డాడు. చూశాడు. చేయి మాత్రం వేయలేదు.

“ఈ తలకాయ నాకు తెలీదు సార్.”

నేను ఫిర్యాదు కాగితం బయటికి తీశాను.

గుమ్మంలోంచి అభ్యర్థి లోపలికి వచ్చేసింది. “అదేంది సార్, ఆయన నా మొగుడు.”

“అమ్మా, మీరు అభ్యర్థి. మీ సాక్ష్యం చెల్లదు.”

“పెండ్లికి చెల్లింది, రేషను కార్డుకు చెల్లింది, ఈడ చెల్లదా? పదైదేండ్లుగా సంసారం చేస్తుండా.”

“ఆయన గెలుపులో మీకు లాభం ఉంది. కాదు, మీ గెలుపులో ఆయనకు... ఏదైనా సరే, చెల్లదు.”

అత్తగారు కిటికీ దగ్గర నుంచి “నా కడుపున పుట్టినోడు సార్” అంది. అదీ చెల్లదన్నాను. నన్ను ఆ రోజు ఎవరైనా ఆపాలనుకుంటే దేవుడే దిగి రావాలి, ఆయన సాక్ష్యమైనా అప్పటికే పదమూడు తలలు పుచ్చుకున్నాడన్న కారణంతో చెల్లదనేవాణ్ణేమో.

ఆ మనిషిని అడిగాను, నువ్వేమంటావని. అతను నెమ్మదిగా, “నేను నేనే సార్” అన్నాడు. అదీ రాశాను: తాను తానేనని చెప్పినాడు, ఆధారము లేదు.

అప్పుడు సిరా సీసా దగ్గర కూర్చున్న టీచరు లేచింది. “సార్, ఆ పెద్దాయన్ని మనిషి తెలుసా అని గూడా ఒక మాట అడగండి.”

పెద్దాయన ఇంకా బెంచీ వెనకే నిలబడి ఉన్నాడు. నన్నే చూస్తున్నాడు.

“మీ పని సిరా వరకే టీచరమ్మా” అన్నాను.

ఈ మాట నా నోట్లోంచి వచ్చినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఎక్కడో విన్న మాట అని కూడా తోచలేదు. మీకు ఇది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

హెడ్ కానిస్టేబులును పిలిచి ఫిర్యాదు కాగితం ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు.

“కేసేమని రాసుకోమంటారు సార్?”

“ఈమె భర్త పేరుతో ఓటు వేయబోయాడని.”

“ఈమె భర్త ఎవురు సార్?”

“అది మీరు విచారించాలి.”

అతన్ని జీపులో ఎక్కించుకుని తీసుకుపోయారు. అతను గొడవ చేయలేదు. పోతూ భార్యతో, “సాయంత్రం పాలు తమ్మున్ని పిండమను” అన్నాడు. మూడున్నరకు నేను పెట్టెకు సీలు వేశాను. ఉద్యోగంలో అంత తృప్తిగా నేనెప్పుడూ లక్క కరిగించలేదు.

సాయంత్రం లెక్కించారు. తొంభై ఆరు, తొంభై ఆరు.

మళ్లీ లెక్కించారు. మళ్లీ అంతే. సమానమైతే చీట్లు వేయాలన్నది నిబంధన. చీట్లు వేయడానికి డబ్బా లేకపోతే నా టిఫిను డబ్బా అడిగి తీసుకున్నారు. లెక్కింపు అధికారి కళ్లు మూసుకుని ఒక చీటీ తీశాడు. అవతలి ఆమె గెలిచింది.

ఓడిన ఆమె ఏడవలేదు, తిట్టలేదు. గుండు మీద గంధం ఎండిపోయి తెల్లగా ఉంది. నా డబ్బా వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. అత్తగారే ఆమె భుజం పట్టుకుని నడిపించుకుపోతూ అంది:

“స్వామి తక్కువేమీ చెయ్యలేదులే. కావాల్సినన్ని ఇచ్చినాడు. ఒకటి ఈ సారు తీసుకున్నాడు.”

ఐరాలలో సామగ్రి అప్పగిస్తుంటే హెడ్ కానిస్టేబులు కనిపించాడు. “ఊరి రెవెన్యూ ఆయన వచ్చి చూసినాడు సార్. ఆయప్ప ఆయప్పే. ఆయమ్మ మొగుడే. టీ తాపిచ్చి పంపించేసినాం” అన్నాడు. ఇంకా ఏదో అనబోయి, నా మొహం చూసి, తనే టీ తాగడానికి వెళ్లిపోయాడు.

వారం తర్వాత సెలవు పెట్టి ఆ ఊరు వెళ్లాను. నేరుగా మంగలి షాపుకు. నిలదీయాలని నాలుగు పేజీలు రాసుకుపోయాను. ఆయన కుర్చీ దులిపి కూర్చోమన్నాడు. కూర్చున్నాను. మెడకు గుడ్డ కట్టాక మనిషి నిలదీయడం కష్టం. ఆయనే మొదలుపెట్టాడు.

“మీరు తల తెలుసా అని అడిగినారు సార్. తెలీదు. ఈ ఊర్లో పెండ్లికొడుక్కి గడ్డం గీసేది మా తాత కాలం నుంచీ మా ఇల్లే. ఆయన పెండ్లికి చిత్తూరు నుంచి సెలూను వాణ్ణి పిలిపించినారు. నేను కత్తులపెట్టె ఎత్తుకోని పందిట్లో నిలబడి ఉన్నా. ఒక్కరన్నా ఈడెందుకు నిలబడినావని అడగలే. ఆపొద్దు నుంచి ఆ తల మీద నేను చెయ్యి పెట్టలే. అంతకు ముందు తెలిసింది ఆ పందిట్లోనే వదిలేసినా.”

“మనిషి తెలుసా?”

“ఎందుకు తెలీదు సార్. దినామూ మా ఇంటికి పాలు పోసేది ఆయనే.”

“మరి అప్పుడు చెప్పలేదేం?”

ఆయన కత్తెర ఆపాడు. “మీరు అడుగుతారనే నిలబడి ఉన్నా. ఆ టీచరమ్మ చెప్పింది గూడా. అడిగింటే చెప్పేవాణ్ణి. చీట్లు వేసినారని విన్నాక ఆ పూట అన్నం తినలే.”

నా నాలుగు పేజీలు జేబులోనే ఉండిపోయాయి. పందిట్లో పెట్టె పట్టుకుని నిలబడ్డ మనిషిని నేను ఏమని నిలదీయను? ఆయన పదిహేనేళ్లు ఎదురుచూశాడు, నేను ఇరవై రెండేళ్లు చూశాను. ఇద్దరం కలిసి ఒకే తల మీద తీర్చుకున్నాం. క్షవరం బాగా చేశాడు.

కథ ఇక్కడితో ఆగి ఉంటే నాకు ఒక మెమో వచ్చేది, నేను ఒప్పుకునేవాణ్ణి. కాని పోలింగు రోజు ప్రిసైడింగ్ ఆఫీసరు నింపి ఇవ్వాల్సిన డైరీలో ఒక గడి ఉంటుంది: పరుల పేరుతో ఓటు వేయబోయి పోలీసుకు అప్పగించబడినవారి సంఖ్య. అందులో నేను ఒకటి అని వేశాను. జిల్లాలో మిగతా డైరీలన్నిట్లో అక్కడ సున్నా ఉందట. అతన్ని వదిలేసిన సంగతి స్టేషను కాగితాల్లో ఉంది, నా ఒకటి ఎన్నికల కాగితాల్లో ఉంది. ఆ రెండు కాగితాలూ ఎప్పుడూ కలుసుకోలేదు. నా రిటైర్మెంటుకు పది రోజుల ముందు, అప్రమత్తతతో దొంగ ఓటును అడ్డుకున్నందుకు అని నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. వేదిక మీద పై అధికారి చేయి కలిపాడు. ఎవరూ నవ్వలేదు. అప్పుడు నాకు వాళ్లు నవ్వితే బాగుండుననిపించింది.

అర్జీ పెట్టాను. ప్రిసైడింగ్ ఆఫీసరు అయిన నేను ఒక అసలు ఓటరును అడ్డుకున్నానని, నా మీద చర్య తీసుకోవాలని. ఫిర్యాదుదారు, ప్రతివాది ఒక్కరే అయినందున ఇద్దరి సంతకాలూ పెట్టి మళ్లీ పంపమన్నారు. రెండుచోట్లా సంతకం పెట్టి పంపాను. విచారణకు పిలిచారు. నా మీద నేనే సాక్ష్యం చెప్పాను. నెల తర్వాత జవాబు వచ్చింది: ఫిర్యాదుదారుకు ప్రతివాదిపై వ్యక్తిగత కక్ష ఉన్నట్లు కనబడుచున్నందున ఆరోపణ తోసిపుచ్చడమైనది.

ముప్పయ్యారేళ్లలో నాకు సకాలంలో వచ్చిన జవాబు అదొక్కటే.

చట్టం తప్పని నేననను. దొంగ ఓటు వేసేవాడు ఉన్నాడు, వాణ్ణి పట్టుకోవాల్సిందే. కాని దొంగ ఓటు వేసినవాడికి శిక్ష ఉంది, అసలు ఓటు ఆపినవాడికి ప్రశంసాపత్రం ఉంది. ఎందుకంటే ఆపిన ఓటుకు ఏ డైరీలోనూ గడి లేదు.

ఆఖరికి ఆ పత్రం పట్టుకుని ఆ పాలాయన ఇంటికి వెళ్లాను. అతను గేదెకు దాణా కలుపుతున్నాడు. జుట్టు అప్పటికి రెండంగుళాలు పెరిగింది. భార్య నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది, కాని కాసేపటికి మజ్జిగ పంపింది. నేను క్షమించమని అడగడానికి రాసుకున్నది చదవబోతే అతను చేయి అడ్డం పెట్టి పత్రం తీసుకున్నాడు. తిప్పి తిప్పి చూశాడు.

“నన్ను పట్టుకున్నందుకా సార్ ఇది?”

“అవును.”

“మరి నా పేరు యాడ ఉండాది?”

“లేదు.”

“ఊర్లో అందరూ వేలు చూపిస్తా తిరిగినారు సార్ ఆ వారమంతా. నా పెండ్లాం పోటీ చేస్తే నా వేలికే సిరా లేదు. ఓటెయ్యడానికి గూడా పోలేదంట అని బయటి ఊర్ల సుట్టాలు అడుగుతుండారు. ఆడేం జరిగిందో రాయి. నేను నేనేనని రాయి.”

నా దగ్గర అలాంటి ఉత్తర్వు ఇచ్చే అధికారం లేదు. రిటైరయ్యాక ఏ ఉత్తర్వూ ఇచ్చే అధికారం లేదు. పెన్ను తీసి ఆ ప్రశంసాపత్రం అడుగున రాశాను: పైన దొంగ ఓటరని చెప్పబడిన వ్యక్తి అసలు ఓటరే, తప్పు నాది. అతని పేరు రాశాను, ఊరు రాశాను, సంతకం పెట్టాను. అతను చదివి, తృప్తి లేనట్టు చూశాడు.

“ఆ పేరోడు నేనేనని ఎట్లా తెలుస్తుంది సార్? రేపు మళ్లీ నీలాంటోడు ఒకడు వస్తాడు.”

సంచిలో స్టాంపు ప్యాడు ఉంది. అలవాటు పోలేదు. మూత తీశాను. అతను దాణా చేయి లుంగీకి తుడుచుకుని ఎడమచేతి చూపుడువేలు చాచాడు. నేను దాన్ని పట్టుకుని సిరాలో అద్ది, కాగితం మీద నొక్కి, కాసేపు అలాగే పట్టుకున్నాను.

వేలు వెచ్చగా ఉంది.